వలి, వలిప్పు: ఒక నర్సు నేర్చుకున్న అరవం

ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఒక పెద్దాయన మూతి తుడిచాను. ఆయన మూతికేమీ కాలేదు. సరస్సు అవతలి నుంచి పడవలో వచ్చిన మనిషి, చేపలు పట్టి బతికేవాడు, కాలికి పుండు. కట్టు విప్పి చూస్తుంటే చాలా మర్యాదగా, "అమ్మా, నీ సొల్లు," అన్నాడు. మా వైపు సొల్లు అంటే నోట్లోంచి కారే చొంగ. నాకు సిగ్గేసి చెంగుతో మూతి తుడుచుకున్నాను. ఆయన మళ్ళీ అదే మాట అన్నాడు. నాది కాకపోతే ఆయనదే అయ్యుంటుందనుకొని, తువ్వాలు తీసి ఆయన మూతి తుడిచాను. ఆయన బిత్తరపోయి తల వెనక్కి లాక్కున్నాడు. వార్డంతా నవ్వింది.

ఆయా కుప్పమ్మ నవ్వు ఆపుకొని నా దగ్గరికి వచ్చింది. "అరవంలో సొల్లు అంటే చెప్పు అని నర్సమ్మా. పుండు ఎట్టుండాదో నువ్వే చెప్పమ్మా అంటా ఉండాడు ఆయన."

పంతొమ్మిదివందల యాభైలు ముగుస్తున్న రోజులవి. మాది సంగం దగ్గర వరి పండించుకునే ఇల్లు. నెల్లూరులో నర్సు పని నేర్చుకున్నాను. మొదట వేసింది పులికాట్ సరస్సు అంచున ఒక చిన్న సర్కారు ఆసుపత్రికి. ఊరి పేరు రాయను. దొరవారిసత్రం నుంచి కూడా మనుషులు వచ్చేవాళ్ళు, సరస్సులోని లంకల నుంచి, సముద్రం ఒడ్డున జాలర్లు ఉండే కుప్పాల నుంచి కూడా వచ్చేవాళ్ళు. వరి పొలాల వాళ్ళది తెలుగు. చేపల వేట మీద బతికే కుటుంబాల్లో చాలామందికి ఇంట్లో అరవం. మగవాళ్ళు సంతకు వచ్చి చేపలమ్ముతారు కాబట్టి వాళ్ళకు తెలుగు వచ్చు. ఆడవాళ్ళకు రాదు. ఆసుపత్రికి ఎక్కువగా వచ్చేది ఆడవాళ్ళు.

ఆ తర్వాత ఎక్కడెక్కడ పని చేశానో, ఏ హోదాలు వచ్చాయో చెప్పబోవడం లేదు. అవి సర్వీసు రిజిస్టరులో ఉంటాయి. నర్సింగులో చేరే పిల్లలు నన్ను అడిగేది ఇంజెక్షన్ల గురించి, ఇంగ్లీషు గురించి. మందుల పేర్లకు, పరీక్షలకు ఇంగ్లీషు కావాల్సిందే. కాని మంచం మీద పడుకున్న మనిషి ఇంగ్లీషులో మూలగదు. నేను చెప్పేది ఆ మంచం మీది భాష గురించి.

ఇరుక్కు

సొల్లు సంగతి జరిగిన నెల రోజులకు ఒక పడుచువాడు గొంతు పట్టుకొని పరిగెత్తుకొచ్చాడు. కళ్ళల్లో నీళ్ళు. "తొండయిల ముళ్ళు ఇరుక్కు," అని వేలితో గొంతు చూపించాడు. తొండ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. ముల్లు అర్థమైంది. ఇరుక్కుంది అన్నదీ అర్థమైంది. నోరు తెరిపించి టార్చిలైటు వేసి చూస్తే టాన్సిల్ పక్కన చేపముల్లు నిలబడి ఉంది. పట్టకారుతో లాగేశాను. అతను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి వెళ్ళిపోయాడు.

అరవంలో తొండై అంటే గొంతు, ఇరుక్కు అంటే 'ఉంది' అని తర్వాత తెలిసింది. ముల్లు ఉందన్నాడు అతను. ఇరుక్కుందనుకున్నాను నేను. అదృష్టం కొద్దీ రెండూ ఒకటే అయ్యాయి.

దాంతో నాకు ధీమా వచ్చింది. అరవం మన భాషకు చుట్టమే కదా, చెవి పెట్టి వింటే సగం అర్థమవుతుంది, మిగతా సగం ఊహించుకోవచ్చు అనుకున్నాను. కన్ను కన్నే, మూక్కు ముక్కే, పల్లు పన్నే. వలి అంటే నొప్పి అని కూడా నేర్చుకున్నాను. "ఎంగ వలి?" అని అడగడం వచ్చేసింది. కొత్త నర్సుకు అప్పుడే అరవం వచ్చేసిందని రోగులు మెచ్చుకుంటుంటే సంతోషంగా ఉండేది.

సారమ్మ సిస్టర్

మా పై సిస్టర్ పేరు సారమ్మ. మలయాళం వైపు నుంచి వచ్చింది. అప్పటికి నలభై దాటాయి. ఆమె మాట్లాడే తెలుగు వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఏకవచనం, బహువచనం లేవు. ఆడ, మగ తేడా లేదు. "మీ అమ్మ వచ్చాడా?" అని అడిగేది. రోగులు నవ్వితే ఆమె కూడా నవ్వి, "మరి ఎట్ల అనాలి? నువ్వు చెప్పు," అని పని ఆపి నిలబడేది. రోగి సరిచేసేదాకా అక్కడి నుంచి కదిలేది కాదు. జ్వరంతో ఉన్న మనిషి కూడా ఆమెకు తెలుగు నేర్పడానికి లేచి కూర్చునేవాడు.

నేను ఒకసారి ఆమె తెలుగుకు నవ్వాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. "నా తెలుగు తప్పు అని నాకు తెలుసు సుశీలా. అందుకే రెండు సార్లు అడుగుతాను. నీకు అరవం వచ్చు అనుకుంటున్నావు. నువ్వు ఒక్క సారి కూడా అడగవు," అంది.

ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు. చాదస్తం అనుకున్నాను.

డాక్టరు గారిది ఇంకో దారి. గుంటూరు వైపు మనిషి, మంచి హస్తవాసి. చెడ్డ మాట అనడు, గొంతు పెంచడు. కాని అరవం ఊసెత్తితే మాత్రం, "ఇది ఆంధ్ర రాష్ట్రం సిస్టర్. వాళ్ళే తెలుగు నేర్చుకోవాలి. మనం అరవం మాట్లాడుతూ కూర్చుంటే వాళ్ళెప్పుడు నేర్చుకుంటారు?" అనేవారు. అప్పట్లో చాలామంది అలాగే అనుకునేవాళ్ళు. నాకూ అది సబబుగానే తోచింది. ఇప్పుడు తోచదు. కడుపునొప్పితో వచ్చిన మనిషికి భాష నేర్పే చోటు కాదు ఆసుపత్రి.

వళ్ళియమ్మ

ఆ రోజు సారమ్మ సిస్టర్ సెలవులో ఉంది. పొద్దున పది గంటలప్పుడు లంక నుంచి ఒక పడవ వచ్చింది. నులకమంచం మీద పడుకోబెట్టి ఒక గర్భిణిని మోసుకొచ్చారు. పేరు వళ్ళియమ్మ. పద్దెనిమిదో పందొమ్మిదో ఉంటాయి. తొలికాన్పు, నెలలు నిండుతున్నాయి. మోసుకొచ్చిన మగవాళ్ళు మంచం దించి మళ్ళీ పడవ దగ్గరికి వెళ్ళిపోయారు. భర్త వేటకు పోయి ఉన్నాడు. అత్త ఒక్కతే మిగిలింది. ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు.

పిల్ల మగతగా ఉంది. పిలిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకుంటోంది. పాదాలు ఉబ్బి ఉన్నాయి. నెలలు నిండిన వాళ్ళకు పాదాలు ఉబ్బడం మామూలే అనుకున్నాను.

అత్త నా చేయి పట్టుకొని, "వలిప్పు వందుచ్చుమ్మా! రెండు తడవ వందుచ్చు!" అంది.

అంతా అర్థమైపోయింది నాకు. వలి అంటే నొప్పి. వందుచ్చు అంటే వచ్చింది. రెండు తడవ అంటే మన రెండు తడవలే. రెండుసార్లు నొప్పులు వచ్చాయంటోంది. తొలికాన్పుకు రెండు నొప్పులంటే ఇంకా ఎంతో సమయం ఉంది. ఆమె భుజం తట్టి, "పయప్పడాదె," అన్నాను. భయపడొద్దు అని. అది కూడా ఈ మధ్య నేర్చుకున్న మాటే. ఆమె తల అడ్డంగా ఊపింది. చేతులు బిగించి, పళ్ళు కరిచి ఏదో చూపించబోయింది. కోడలు నొప్పులకు పళ్ళు బిగిస్తోందని చెబుతోంది కాబోలు అనుకున్నాను.

డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి, "తొలికాన్పండి. నొప్పులు ఇప్పుడే మొదలయ్యాయట, రెండే వచ్చాయట," అని చెప్పాను. బయట రోగులు బారులు తీరి ఉన్నారు. "అయితే టైముంది. పడుకోబెట్టండి, వస్తాను," అన్నారాయన. ఆయన తప్పు అందులో లేదు. నేను చెప్పినదాని మీద ఆయన ఆ మాట అన్నారు.

కుప్పమ్మ ఎక్కడికో పోలేదు. వెనక రేకుల షెడ్డులో గుడ్డలు ఉడకబెడుతోంది. కేక వేస్తే వినబడేంత దూరం. ఆమెది లంక ఊరే, అరవం ఆమె ఇంటి భాష. నేను పిలవలేదు. అర్థమైనదాన్ని ఎవరైనా ఎందుకు అడుగుతారు?

రెండు గంటలు గడిచాయి. ఆ మధ్యలో అత్త రెండుసార్లు నా దగ్గరికి వచ్చింది. రెండుసార్లూ నవ్వుతూ పంపేశాను. పన్నెండు దాటాక లోపలి నుంచి ఆమె అరుపు వినబడింది. వెళ్ళేసరికి వళ్ళియమ్మ ఒళ్ళంతా కట్టెలా బిగుసుకొని, కళ్ళు పైకి తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటోంది. నోటి చివర నురగ, దాంట్లో నెత్తురు. అత్త ఆమెను చూపిస్తూ, నన్ను చూస్తూ, "వలిప్పు! వలిప్పు!" అని అరుస్తోంది.

ఆ మాటకు అర్థం అప్పుడు తెలిసింది. వలి అంటే నొప్పి. వలిప్పు అంటే ఫిట్సు.

కుప్పమ్మ తడి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. అత్త చెప్పేది విని నా వైపు తిరిగింది. "ఇంటికాడే రెండు తడవలు ఫిట్సు వచ్చినాయంట. వచ్చినకాడి నుంచీ మీకు చెప్తానే ఉండానంటా ఉండాది. మీరేంది నర్సమ్మా, ఊరకుండారు?"

డాక్టరు గారు వచ్చారు. పక్కకు తిప్పి పడుకోబెట్టాం, ఇంజెక్షన్లు ఇచ్చాం, వెలుతురుకు మళ్ళీ ఫిట్సు రాకుండా కిటికీలకు దుప్పట్లు కట్టాం. రక్తపోటు చూస్తే చాలా ఎక్కువగా ఉంది. మూత్రం కాచి చూస్తే పరీక్ష గొట్టంలో గుడ్డు తెల్లసొనలా గడ్డకట్టింది. పది గంటలకే చేయాల్సిన పరీక్ష అది. నొప్పులే కదా, తర్వాత చేద్దాం అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే కాన్పు అయింది. బిడ్డ చనిపోయి పుట్టింది. వళ్ళియమ్మ మూడో రోజుకు గాని సరిగ్గా తెలివిలోకి రాలేదు. బతికింది. ఎనిమిదో రోజున అదే పడవలో వెళ్ళిపోయింది. ఆ ఎనిమిది రోజుల్లో ఆమెతో నేను మాట్లాడింది ఏమీ లేదు. మాట్లాడటానికి నా దగ్గర భాష లేదు. ఉందనుకున్న కాస్తా నోట్లోంచి రావడం మానేసింది.

సారమ్మ సిస్టర్ సెలవు నుంచి వచ్చాక అంతా చెప్పాను. ఆమె మందుల గదిలో స్టూలు మీద కూర్చోబెట్టింది. కేకలు వేస్తుందనుకున్నాను. వేయలేదు.

"నేనే చంపాను సిస్టర్," అన్నాను.

"నువ్వు చంపలేదు. వచ్చేటప్పుడే బిడ్డ పోయి ఉండొచ్చు. లేక ఉండొచ్చు. అది డాక్టరుకు తెలియదు, నాకు తెలియదు, నీకు తెలియదు. కాని రెండు గంట పోయింది. ఆ రెండు గంట నీది." నన్ను స్టూలు మీది నుంచి లేపి, "ఏడిస్తే ఏం లాభం? కుప్పమ్మ దగ్గరికి పో. నేర్చుకో," అంది.

నా సర్వీసులో నన్ను తిట్టిన పైవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ మాటలు గుర్తులేవు.

ఒక్క మాట ఇక్కడ చెప్పాలి. భాష అసలు రాని నర్సు ఎవరినో ఒకరిని పిలుస్తుంది. బాగా వచ్చిన నర్సు సరిగ్గా వింటుంది. కొంచెం వచ్చిన నర్సుతోనే ప్రమాదం. ఆ కొంచెం వచ్చిన రోజులు అందరికీ ఉంటాయి, వాటిని దాటకుండా ఎవరూ నేర్చుకోలేరు. ఆ రోజుల్లో చేయాల్సింది ఒక్కటే. విన్నదాన్ని తిరిగి ఆ మనిషికే చెప్పి, ఇదేనా మీరన్నది అని అడగాలి. మాటతో కాకపోతే చేత్తో చూపించి అడగాలి. అత్త పళ్ళు బిగించి చూపించినప్పుడు నేను కూడా బిగించి చూపించి ఉంటే సరిపోయేది.

కుప్పమ్మ బడి

కుప్పమ్మ చదువుకోలేదు. కాని అంత కఠినమైన పంతులమ్మను నేను చూడలేదు. మధ్యాహ్నం పూట కట్టుగుడ్డలు చుట్టేటప్పుడు పాఠం. నేను ఆమెను కుప్పక్కా అని పిలిచేదాన్ని. పాఠం చెప్పేటప్పుడు మాత్రం ఆమె నన్ను నర్సమ్మా అనేది కాదు.

మొదటి రోజు ఒంటి భాగాల పేర్లు చెప్పమన్నాను. "పేర్లు ఎందుకమ్మాయ్? తలకాయ యాడుండాదో నీకు తెలుసు గదా. నొప్పి ఎట్టుండాదో అది నేర్చుకో," అంది. తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. కుత్తుదు అంటే పొడుస్తోంది. ఎరియుదు అంటే మండుతోంది. కడుక్కుదు అంటే సలుపుతోంది. తలె సుత్తుదు అంటే తల తిరుగుతోంది. వలిప్పు అనే మాట నా చేత ఆమె ఎప్పుడూ వల్లె వేయించలేదు.

అప్పుడు నాకు ఒక సంగతి తెలిసింది. మన ఇళ్ళల్లో పోటు వేరు, సలుపు వేరు, తీపు వేరు, మంట వేరు. మా అమ్మకు మోకాలి నొప్పి వస్తే ఏ రకం నొప్పో, ఎండకు ఎట్లా ఉంటుందో, ముసురుకు ఎట్లా ఉంటుందో పావుగంట చెప్పగలదు. అదే అమ్మ మద్రాసు డాక్టరు దగ్గర కూర్చుంటే 'నొప్పి' అని ఊరుకుంటుంది. సొంత భాషలో మనిషి జబ్బును పూర్తిగా చెబుతుంది. రాని భాషలో పేరు మాత్రం చెబుతుంది. మిగిలినదంతా మనం ఊహించుకుంటాం.

ఆదివారాలు కుప్పమ్మతో కలిసి పడవెక్కి లంకకు పోయేదాన్ని. లోతు లేని నీళ్ళు, గడకర్రతో తోసుకుంటూ పోతారు. వాళ్ళింట్లో కూర్చొని వచ్చిన ఆడవాళ్ళతో మాట్లాడేదాన్ని. నా అరవానికి పడి పడి నవ్వేవాళ్ళు. నేను కూడా సారమ్మ సిస్టర్ లాగా, "మరి ఎట్లా అనాలి?" అని అడగడం నేర్చుకున్నాను. నవ్వించే వాళ్ళకు మనుషులు తొందరగా నేర్పుతారు. రెండేళ్ళు పట్టింది. రెండేళ్ళ తర్వాత కూడా వాళ్ళు నన్ను తెలుగమ్మాయి అనే గుర్తుపట్టేవాళ్ళు. దాంతో పనేమీ చెడలేదు.

పక్కన నిలబడ్డ మనిషి

అరవైల్లో జరిగిన ఇంకో సంగతి చెబుతాను. ఒక కుప్పం నుంచి భార్యను తీసుకొని ఒకాయన వచ్చేవాడు. ఆయనకు తెలుగు బాగా వచ్చు. డాక్టరు గారు ఏమడిగినా ఆయనే చెప్పేవాడు. "ఆకలి లేదు సార్. నీళ్ళు కూడా తాగదు. నీరసం. ఏదన్నా టానిక్కు రాయండి." రెండుసార్లు టానిక్కు రాశారు. మూడోసారి వచ్చేటప్పటికి ఆమె ఇంకా చిక్కిపోయింది. ప్రశ్న వేసినప్పుడల్లా ఆమె భర్త ముఖం చూడటం, ఆయన జవాబు చెప్పడం గమనించాను.

ఆయనను చీటీ రాయించుకు రమ్మని బయటికి పంపి, ఆమె పక్కన కూర్చున్నాను. అరవంలో, "ఆకలి నిజంగానే లేదా అక్కా?" అని అడిగాను.

ఆమె భర్త వెళ్ళిన వైపు చూసింది. తర్వాత తల వంచుకొని చెప్పింది. కిందటి కాన్పు తర్వాత కింద ఏదో జారిందట. మూత్రం నిలవడం లేదట. వాసన వస్తుందని భయపడి నీళ్ళు మానేసిందట, తర్వాత కూడు కూడా తగ్గించిందట. ఏడాది నుంచి ఇదే. భర్తకు తెలియదు. తెలిస్తే ఏమనుకుంటాడోనని చెప్పలేదు.

ఆమెను నెల్లూరు పంపించాం. ఆపరేషన్ అయింది, తేరుకుంది. ఆ భర్త చెడ్డవాడు కాదు. మూడుసార్లు పని మానుకొని పడవలో తీసుకొచ్చాడు. అతనికి తెలిసింది అతను చెప్పాడు. ఆమె అతనికి చెప్పనిది అతని నోటి ద్వారా మనకు ఎలా వస్తుంది? అందుకే చెబుతున్నాను. భాష మార్చి చెప్పడానికి ఇంటి మనిషి పనికొస్తాడు, ప్రాణం మీదికి వస్తే అతనే దిక్కు. కాని ఆడమనిషి జబ్బు మగమనిషి నోట విని అంతే అనుకోవద్దు.

ఇంకో మాట. భాష వచ్చాక, వచ్చని ముందే తెలియజేయాలి. ఒకసారి ఒక ముసలామె నా ముందే కూతురితో, ఈ నర్సు మొహం చూస్తే లేని జ్వరం వచ్చేలా ఉందని అంది. నాకు నవ్వొచ్చింది కాబట్టి సరిపోయింది. వాళ్ళు ఇంకేమైనా చెప్పుకొని ఉండొచ్చు. మనకు రాదనుకొని మన ముందు మాట్లాడుకునేది వింటూ కూర్చోవడం దొంగతనమే. అప్పటి నుంచి ఎవరు వచ్చినా ముందు వాళ్ళ భాషలో పలకరించేదాన్ని.

ఎన్న కొళందె

భాష రానంత కాలం వళ్ళియమ్మకు జరిగింది చెప్పకపోవడానికి నాకు ఒక సాకు ఉండేది. వచ్చాక ఆ సాకు పోయింది. అయినా నేను వాళ్ళ లంకకు వెళ్ళలేదు. కుప్పమ్మ ఊరికి అది రెండు లంకల అవతల. ఈసారి, వచ్చేసారి అనుకుంటూ ఏళ్ళు గడిపాను.

ఆమే వచ్చింది. ఏడెనిమిదేళ్ళ తర్వాత చెల్లెలి కాన్పుకు తోడుగా వచ్చింది. అప్పటికి సారమ్మ సిస్టర్ బదిలీ అయిపోయింది, వార్డు నా చేతిలో ఉంది. రిజిస్టరులో లంక పేరు రాస్తూ తలెత్తి చూసి గుర్తుపట్టాను. ఒళ్ళు చేసింది. అత్త పోయిందట. ఇద్దరు మగపిల్లలట, ఇద్దరూ ఇంట్లోనే పుట్టారట. ఆమె నన్ను గుర్తుపట్టినట్టు లేదు. చెల్లెలికి ఏ ఇబ్బందీ లేకుండా కాన్పయింది. నాలుగు రోజులు ఆమె వార్డులో తిరుగుతూనే ఉంది. నేను చెప్పలేదు.

ఐదో రోజు మధ్యాహ్నం పడవ కోసం వాళ్ళు మూటలు సర్దుకున్నారు. వళ్ళియమ్మ వరండాలో కూర్చొని ఉంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. మేం మాట్లాడుకున్నది అరవంలోనే.

"నన్ను గుర్తుపట్టావా?" అన్నాను.

"వచ్చిన రోజే పట్టాను," అంది.

మొదటి నుంచి అంతా చెప్పాను. అత్త చెప్పింది నేను తప్పుగా విన్నానని, పిలవాల్సిన మనిషిని పిలవలేదని, రెండు గంటలు పోయాయని. ఆ రెండు గంటలు పోకపోతే బిడ్డ బతికేదో కాదో ఎవరికీ తెలియదని కూడా చెప్పాను. అది సాకులా వినబడుతుందని తెలుసు, కాని నిజమే కాబట్టి చెప్పాను. నా అరవం మధ్యలో చాలాసార్లు తప్పింది. ఆమె సరిదిద్దలేదు.

అంతా విని ఆమె అడిగింది. "ఎన్న కొళందె?"

ఆ మాటకు 'ఏం బిడ్డ' అని అర్థం. చెల్లెలి బిడ్డ గురించి అడుగుతోందనుకున్నాను. ఈసారి ఊహించుకోలేదు. "ఏ బిడ్డను అడుగుతున్నావు?" అన్నాను.

"అప్పటి బిడ్డ. ఆడా, మగా?"

ఆమె గొంతు మామూలుగానే ఉంది. "తెలివి వచ్చేసరికి తీసుకుపోయి పూడ్చేసినారు. అత్తను అడిగితే పోయినదాన్ని అడక్కూడదు అనింది. మా ఆయన చూడనే లేదు. ఇక్కడ తెల్లబట్టలు కట్టుకున్న వాళ్ళందరినీ అడిగినాను. అందరూ పడుకో, పడుకో అన్నారు. అత్త చచ్చిపోయేటప్పుడు కూడా అడిగినాను. చెప్పలేదు."

పడుకో అన్న వాళ్ళల్లో నేను కూడా ఉండే ఉంటాను.

"పొణ్ణు," అన్నాను. ఆడపిల్ల.

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు చూసినావా?"

"నేనే స్నానం చేయించాను. వార్డు దుప్పటి చించి చుట్టింది కూడా నేనే."

"ఎట్టుండింది?"

"జుట్టు ఒత్తుగా ఉంది. మెడ మీదికి పడుతోంది. గోళ్ళు పెరిగి ఉన్నాయి. మంచి నిడివి ఉన్న పిల్ల."

"ఎవరి పోలిక?"

ఏదో ఒకటి చెప్పేయొచ్చు. నీ పోలికే అంటే ఆమె సంతోషించేది. కాని నాకు గుర్తులేదు. గుర్తులేదనే చెప్పాను. ఆమె తల ఊపింది. తర్వాత జుట్టు గురించి మళ్ళీ అడిగింది, ఉంగరాలా, సాఫుగా ఉందా అని. అది గుర్తుంది, చెప్పాను. ఉంగరాలు.

నా తప్పు గురించి ఆమె ఒక్క మాట అనలేదు. పోనీలే అనలేదు, తిట్టలేదు. నేను క్షమాపణ పట్టుకొని కూర్చున్నాను. ఆమెకు అదేమీ అక్కరలేదు. ఆమెకు కావాల్సింది ఒక్క మాట. అది నా దగ్గర ఇన్నేళ్ళూ ఉంది. ఆమె భాషలో అడిగి ఇచ్చే మనిషి లేక ఉండిపోయింది.

రేవు నుంచి పడవవాళ్ళు కేక వేశారు. వళ్ళియమ్మ లేచి లోపలికి పోయింది. చెల్లెలు పసిబిడ్డను ఒళ్ళో వేసుకొని మంచం అంచున కూర్చొని ఉంది. వళ్ళియమ్మ ఆమె పక్కన కూర్చొని, వరండాలో నాకు కూడా వినబడేలా, మామూలు గొంతుతో చెప్పింది.

"నాకు మొదట పుట్టింది పొణ్ణు. ఉంగరాల జుట్టంట."